హస్తచలన వికారములు – మస్తిష్క శస్త్రచికిత్స

గ్లాసెత్తి నోటియొద్దకు తెచ్చుకొనులోపల సగము మజ్జిగ పంచెపై ఒలికిపోవుట, బ్యాంకులో చేసిన సంతకము పాతసంతకముతో కుదరక గుమాస్తా కాగితమును త్రిప్పి పంపుట, కలము పట్టినంతనే వ్రేళ్లు కొంకర్లుపోయి అక్షరము సాగకుండుట మొదలగు కష్టములు చూచువారికి చిల్లరవిగా తోచవచ్చును గాని, అనుభవించువానికి తన చేయి తన మాట వినుట మానివేసినదని దినమునకు నూరుమారులు జ్ఞాపకము చేయునట్టివి. ఈ అవస్థలలో పెక్కింటియందు చేతి కండరములకు గాని, ఎముకలకు గాని, కీళ్లకు గాని ఏ లోపమును కానరాదు. చేతిని నడపు నాడీవలయములు మెదడులో ఎచ్చటనో లయ తప్పియుండును. ఔషధములు చాలనప్పుడు, చేతి జబ్బునకు తలలో చికిత్స చేయు పద్ధతి ఈ కారణముననే పుట్టి, నూరేండ్లకు మించిన చరిత్రను గడించినది.

ఆ చరిత్రకు నాంది శస్త్రవైద్యుడు పలికినది కాదు. లండను నగరమున వైద్యవృత్తి సాగించుచుండిన జేమ్స్ పార్కిన్‌సన్, తరువాతి కాలమున తన పేరనే ప్రసిద్ధమైన వ్యాధిని 1817లో ఒక చిన్న గ్రంథమున వర్ణించుచు, తాను చూచిన ఆరుగురు రోగులలో కడపటివానిని గూర్చి ఒక విచిత్రమును తెలిపెను. ఆ రోగికి ఒకనాటి రాత్రి కుడిప్రక్క చచ్చుబడెను. పక్షవాతమున్నన్ని దినములు ఆ ప్రక్క చేతికిని కాలికిని వణుకు లేకుండెను. బలము తిరిగివచ్చుటతోడనే వణుకును తిరిగివచ్చెను. వణుకునకును చలనశక్తికిని మెదడులో ఎక్కడనో దారి యొక్కటేయనియు, ఆ దారి తెగినచో రెండును ఆగుననియు దీనివలన ఊహింపవచ్చును. బలమునకు భంగము రాకుండ వణుకును మాత్రము తుడిచివేయగల స్థలము మెదడులో కలదా యనునదే తరువాతి శస్త్రవైద్యులకు ప్రశ్నయై కూర్చుండెను.

చేతివణుకులన్నియు ఒక్క తెగకు చెందినవి కావు. పార్కిన్‌సన్ వ్యాధిలోని వణుకు ప్రాయికముగా చేయి విశ్రాంతిగా ఒడిలో నున్నప్పుడు, క్షణమునకు నాలుగు మొదలు ఆరు మారుల వేగమున, బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిపి మాత్రలు చేయుచున్నట్లు కనబడును. చేయి పనికి కదలినప్పుడు కొంత తగ్గును. దీనితోపాటు బిగువును, మందగతియును, వ్రాయుకొలది అక్షరములు చిన్నవగుటయు చేరును. సహజకంపమని చెప్పదగిన రెండవ తెగ ఇందుకు భిన్నమైనది. చేయి ఊరకున్నంతసేపు నిలుకడగానే యుండును. చెంచా ఎత్తినను, సూదిలో దారము ఎక్కింపబోయినను వణుకు బయలుదేరును. ఇది తరచుగా కుటుంబములలో తరతరములుగా వచ్చును. కొంచెము మద్యము పుచ్చుకొన్నచో కొంతసేపు తగ్గుట దీని చిత్రలక్షణము. అది చికిత్స కాదని వేరుగ చెప్పనక్కరలేదు. మూడవది డిస్టోనియా. ఇందు వణుకుకంటె మెలి ప్రధానము: పరస్పరము వ్యతిరేకముగా పనిచేయు కండరములు ఏకకాలమున బిగిసి, చేతిని వంకర త్రిప్పును. ఇందు ఒక శాఖ మరియు విడ్డూరమైనది. అది ఒక్క పనియందే తలసూపును. వ్రాయబోవునప్పుడు కొంకర్లుపోవు చేయియే కూరగాయలు తరుగునప్పుడు, బొత్తాములు పెట్టుకొనునప్పుడు చక్కగా నడచును. ఇటలీ వైద్యుడు రమజ్జీనీ వృత్తివ్యాధులను గూర్చి రచించిన గ్రంథమునకు 1713లో చేర్చిన భాగమున వ్రాయసగాండ్ర చేతిబాధను పేర్కొనెను. వీనికితోడు, బాల్యమున మెదడు దెబ్బతినుటచే వ్రేళ్లు పాములవలె మెలికలు తిరుగు అథిటోసిస్ అను వికారమొకటి కలదు. శస్త్రచికిత్స చరిత్రలో మొదటి అధ్యాయము దానిదే.

ఇక ఈ వికారములు పుట్టు చోటు. మెదడు ఉపరితలమునగల చాలకవల్కలము చేతికి ఆజ్ఞలు పంపును. ఆ ఆజ్ఞలు వెన్నుపాము గుండ ఎదుటిప్రక్క చేతిని చేరును. కాని ఏ ఆజ్ఞయు సరాసరి బయలుదేరునది కాదు. మెదడు లోతున నున్న మూలకేంద్రకములు ఒకవంక నుండియు, చిన్నమెదడు మరియొకవంక నుండియు దానిని సవరించుచుండును. ఈ రెండు వంకల వార్తలును వల్కలమును చేరుటకు ముందు, మెదడు నడుమ ఇరుప్రక్కల పావురపు గ్రుడ్లవలె నొదిగియున్న థలమస్ అను భాగమున మజిలీ చేయవలసియున్నది. చిన్నమెదడునుండి వచ్చు తంతువులు థలమస్‌లో ‘విమ్’ అని సంక్షిప్తముగా పిలువబడు కేంద్రకమున దిగును. మూలకేంద్రకములనుండి, ముఖ్యముగా గ్లోబస్ పాలిడస్‌నుండి, వచ్చునవి దానికి ముందున్న ‘వెంట్రో-ఓరల్’ కేంద్రకములలో దిగును. కంపరోగుల విమ్ కేంద్రకమున చేతివణుకుతో సరిగా తాళము కలిపి స్ఫురించు నాడీకణములు కనబడుచున్నవి. అందుచే వణుకునకు విమ్, మెలికి దాని ముందరి భాగము శస్త్రవైద్యునకు లక్ష్యములైనవి. కుడిచేతికి ఎడమ థలమస్, ఎడమచేతికి కుడి థలమస్ అని వేరుగ చెప్పనేల!

ఈ విషయములేవియు సరిగా తెలియని దినములలో చేసిన ప్రయత్నములు మొరటువి. అయినను నిర్హేతుకములు కావు. లండను శస్త్రవైద్యుడు సర్ విక్టర్ హార్స్‌లీ, అథిటోసిస్‌చే చేయి నిరంతరము విసురుకొనుచుండిన ఒక బాలునికి కపాలమును తెరచి, ఆ చేతికి సంబంధించిన చాలకవల్కలమును కోసివేసి, ఆ వృత్తాంతమును 1909లో ఒక ఉపన్యాసమున ప్రకటించెను. విసురులు ఆగెను, చేతి పాటవమును చాలవరకు పోయెను. 1930 ప్రాంతములనుండి అమెరికాలో పాల్ బ్యూసీ వణుకులకు ఇదే మార్గమును అవలంబించెను. వణుకును ఇచ్చి పక్షవాతమును పుచ్చుకొను ఈ బేరము అందరికిని నచ్చునది కాదు. 1939లో రస్సెల్ మేయర్స్ వల్కలమును ముట్టక, మెదడు లోపలి కుహరముగుండ మూలకేంద్రకములలో ఒకదానిని చేరి, దాని శిరోభాగమును తొలగించి, మస్తిష్కజ్వరము తరువాత పార్కిన్‌సన్ లక్షణములు సంక్రమించిన ఒక యువతికి పక్షవాతము రాకుండ వణుకు మాన్పగలిగెను. పార్కిన్‌సన్ గ్రంథములోని రోగి పెట్టిపోయిన ప్రశ్నకు ఇది మొదటి సమాధానము. కాని ఈ విధమున మెదడును తెరచి లోతునకు పోవుటలో మరణములు ఎక్కువయగుటచే, ఆ పద్ధతిని మేయర్స్ తానే సిఫారసు చేయలేకపోయెను.

లోతున నున్న చిన్న లక్ష్యమును పైభాగము చెడకుండ చేరుటకు కన్నుకంటె గణితము మేలని తేలుటకు కొంతకాలము పట్టెను. హార్స్‌లీయే రాబర్ట్ క్లార్క్ అను సహచరునితో కలసి, కోతుల తలలకు బిగించి మెదడులోని ఏ బిందువునకైనను సూదిని తిన్నగా పంపగల చట్రమును 1908లో ప్రకటించియుండెను. పటములో అక్షాంశ రేఖాంశములచే ఊరి యునికిని గుర్తించినట్లు, ఇందు లోతును గూడ కలుపుకొని మూడు కొలతలచే స్థానము నిర్ణయమగును. కోతుల కపాలములు ఒకదానికొకటి ఇంచుమించు సమానముగనుండుటచే ఎముకల గుర్తులు చాలెను. మనుష్యుల తలలు అట్లు కావు. దాదాపు నలువదియేండ్ల తరువాత, 1947లో, ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ అనువారు కపాలమును విడిచి మెదడులోని గుర్తులనే ఆధారము చేసికొనిరి. మెదడు నడుమనున్న కుహరములలోనికి గాలి నెక్కించి ఎక్స్‌రే తీసినచో ఆ కుహరముల అంచులు కనబడును. వానినుండి లక్ష్యమునకు కొలత వేయవచ్చును. స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ 1949లో ప్రకటించిన ధనురాకారపు చట్రము, అనేక సవరణలతో నేటికిని శస్త్రశాలలలో కానవచ్చుచున్నది. జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరమున హాస్లర్, రీషెర్ట్ అనువారు థలమస్‌నే లక్ష్యముగ గ్రహించిరి. విమ్ అను నామకరణమును హాస్లర్‌దే. ఇదే కాలమున టోక్యోలో నరబయాషి ఇతరులతో నిమిత్తము లేకుండ తన పరికరమును తానే నిర్మించుకొని పని సాగించెను.

అన్నియు లెక్క ప్రకారమే జరిగినవని అనుకొనరాదు. ఈ శాస్త్రమున ఒక పెద్ద ముందడుగు చేయి జారుటవలన పడినది. 1952లో న్యూయార్కు శస్త్రవైద్యుడు ఇర్వింగ్ కూపర్ ఒక పార్కిన్‌సన్ రోగికి మెదడు కాండములోని చాలకమార్గమును ఖండింపబోవుచుండగా, ముందరి కోరాయిడ్ ధమని అను సన్నని రక్తనాళము తెగెను. కూపర్ దానిని బిగించి, అసలు శస్త్రకర్మను అంతటితో నిలిపివేసెను. రోగి మేల్కొనినప్పుడు పక్షవాతము లేదు, వణుకును లేదు, బిగువును లేదు! ఆ ధమని గ్లోబస్ పాలిడస్‌నకు రక్తమిచ్చునదని గ్రహించి, ఆయన తరువాత ఆ కేంద్రకములోనికే మద్యసారమును సూదిద్వారా ఎక్కించి దానిని నశింపజేయు విధానమును తెచ్చెను. ఇట్లు నయమైన రోగి యొకడు వేరు కారణమున మరణింపగా మెదడును పరీక్షించి చూచినచో, గాయము పాలిడస్‌లో కాక థలమస్‌లో పడియుండెను! గురి తప్పిన బాణము మేలైన లక్ష్యమును కొట్టినదన్నమాట. కూపర్ లక్ష్యమును మార్చుకొని, 1961నాటికి ద్రవనత్రజనిచే చల్లబరచిన శలాకను ఉపయోగింపసాగెను. ఇందొక సౌలభ్యము కలదు: కొలదిగ చల్లార్చినచో ఆ తావులోని కణములు తాత్కాలికముగా నిద్రపోవును, వణుకు ఆగినదా, మాట తడబడినదా అని చూచుకొని, తృప్తి కలిగిన పిమ్మటనే గడ్డకట్టింపవచ్చును.

కూపర్ రోగులలో లోకప్రసిద్ధురాలు మార్గరెట్ బర్క్-వైట్. 1946లో చరఖా సమీపమున గాంధీజీ చదువుచు కూర్చుండియున్న ఛాయాచిత్రమును తీసినది ఈమెయే. నూలు వడకుట నేర్చుకొనినగాని ఫొటో తీయవలను పడదని గాంధీజీ పరివారము ఈమెకు షరతు పెట్టినదట. వడకుటలో చేయి చాలకపోయినను కెమెరాయందు చేయి తిరిగిన మనిషి. అట్టి చేతులకు పార్కిన్‌సన్ వ్యాధి సోకి, కెమెరా మీటలు త్రిప్పుటయే దుర్ఘటమైనది. 1959లో కూపర్ చేసిన శస్త్రచికిత్సచే ఆమెకు గుణము కలిగెను. నలుగురు దాచుకొను జబ్బును దాచుకొనక, ఆమె ఆ కథను తాను పనిచేసిన లైఫ్ పత్రికలోనే చెప్పుకొనెను. 1961లో రెండవప్రక్కకును శస్త్రచికిత్స జరిగెను. ఈసారి చేతికి కొంత మేలు కలిగినను, మాట దెబ్బతినెను. థలమస్ రెండుప్రక్కలను గాయపరచినచో వాక్కునకును మ్రింగుటకును ముప్పు రాగలదను సంగతి అనేకులయందు ఇట్లే వెల్లడియై, ఒకప్రక్కతో ఆగవలెనను నియమము స్థిరపడెను.

ఇంతలో రసాయనము వచ్చి శస్త్రమును ప్రక్కకు నెట్టినది. పార్కిన్‌సన్ రోగుల మెదడులో డోపమీన్ లోపించునని వియన్నాలో హోర్నికీవిచ్ 1960లో చూపెను. దానికి పూర్వరూపమైన లెవోడోపాను పెద్దమోతాదులలో నోటిద్వారా ఇచ్చి కోట్జియాస్ 1967లో అద్భుతఫలితములను ప్రకటించెను. ఇచ్చట తెలుగు పాఠకునకు ఆసక్తికరమైన ఉపకథ యొకటి కలదు. మన పొలముగట్లమీద పెరిగి, ముట్టుకొన్నవారి ఒడలంతయు దురద పుట్టించు దూలగొండి గింజలలో ఈ లెవోడోపా పుష్కలముగ కలదు. దానిని ఆ గింజలనుండి వేరుచేసి 1937లో ప్రకటించినవారు దామోదరన్, రామస్వామి అను భారతీయ రసాయనవేత్తలు. అప్పటికి దాని ఉపయోగము ఎవరికిని తెలియదు. ఆయుర్వేదమున కంపవాతమునకు ఈ విత్తనమును వాడు ఆచారము మాత్రము ముందునుండి కలదు. లెవోడోపా రాకతో పదేండ్లలోపల కంపశస్త్రచికిత్స దాదాపు మూలబడెను. అయితే సహజకంపమునకును, వ్రాతకొంకరకును ఆ మందు పనిచేయదు. పార్కిన్‌సన్ రోగులకు సైతము కొన్నియేండ్ల వాడుకపై ఫలితము నిలుకడ తప్పి, వలదన్నను శరీరము ఊగులాడు క్రొత్తబాధ తగులుకొనును. 1992లో స్వీడనునందు లైటినెన్ పాత పాలిడస్ శస్త్రచికిత్సకు మెరుగుపెట్టి ప్రకటించినప్పుడు వైద్యలోకము మరల ఇటు తిరిగిచూచుటకు ఇదియే కారణము.

శస్త్రశాలలో జరుగు పనిని కొంత వివరింపవలసియున్నది. ఏలన, రోగి మేలుకొనియుండగనే మెదడులో పనిచేయుట వినుటకే గగుర్పాటు కలిగించును. మెదడునకు నొప్పి తెలియదు; చర్మమును, కపాలమును కప్పు పొరను మొద్దుబరచిన చాలును. ఉదయమున చట్రమును తలకు నాలుగు మరలచే బిగించి, స్కానింగు తీసి, మెదడు మధ్యనుండు ముందరి, వెనుకటి సంధానబంధములను కలుపు రేఖనుండి లక్ష్యమును కొలుతురు. విమ్ కేంద్రకము సాధారణముగ మధ్యరేఖకు 13 మొదలు 15 మిల్లీమీటర్ల ప్రక్కగా నుండును. దానికి వెనుక రెండుమూడు మిల్లీమీటర్ల దూరముననే స్పర్శకేంద్రకము. అటు జరిగినచో వ్రేళ్లు తిమ్మిరెక్కును. వెలుపలివైపు చాలకమార్గము, అటు జరిగినచో చేయి బలహీనమగును. కేంద్రకములోపల గూడ ముఖమునకు సంబంధించిన భాగము లోపలివైపును, కాలిది వెలుపలివైపును, చేతిది నడుమను అమరియుండును. ఇంత ఇరుకైన చోట పటమును మాత్రము నమ్ముట సాహసము. కావున, పారిస్‌లో గియో, ఆల్బ్-ఫెస్సార్ అనువారు 1960 ప్రాంతమున ప్రవేశపెట్టిన రీతిగా, వెంట్రుకకంటె సన్నని మొనగల ఎలక్ట్రోడును మెల్లగ దింపుచు, కణముల విద్యుత్ స్పందనమును ధ్వనిగా మార్చి స్పీకరులో విందురు. వానచినుకులవంటి చిటపటలమధ్య ఒకచోట చేతివణుకుతో జతగూడి దరువు వినవచ్చును, అచ్చటనే లక్ష్యము. అప్పుడు రోగిని చేయి చాపుమందురు, నీటి గ్లాసును ఎత్తుమందురు, కాగితముపై శంఖావర్తమువలె చుట్టలు చుట్టిన గీతను గీయుమందురు. ఆ గీతయే ఈ చికిత్సకు తూనికరాయి. రంపపుపండ్లవలె బెదరుచు పోయిన గీత, శలాకకొన కొన్ని క్షణములు వేడెక్కి సుమారు 70 డిగ్రీల తాపమును చేరినపిమ్మట, తిన్నగ సాగుట శస్త్రశాలలోని వారందరు కన్నులార చూతురు. నా యెరుకలో వైద్యమున ఇంత వెంటనే కంటికి కట్టు ఫలితములు మిక్కిలి అరుదు.

1987లో గ్రెనోబుల్ నగరమున అలిమ్-లూయీ బెనాబిడ్ చేసిన పరిశీలన ఈ పనికి క్రొత్తదారి తెరచెను. గాయము చేయుటకు ముందు స్థానమును సరిచూచుకొనుటకు స్వల్పవిద్యుత్తును పంపి పరీక్షించుట అంతకుముందునుండి ఉన్నదే. తక్కువ వేగమున పంపినచో వణుకు పెరుగును; క్షణమునకు నూరుస్పందనలు దాటినచో, గాయము చేసినట్లే ఆగిపోవును; విద్యుత్తును ఆపిన మరల వచ్చును. ఇతరులు గూడ చూచియుండవచ్చు గాని, అట్లయిన గాయమే వలదని సాహసించి నిర్ణయించినవాడు బెనాబిడ్. ఒకప్రక్క థలమస్‌కు గాయముచే చికిత్స పొందిన రోగులకు, రెండవప్రక్క వాక్కు చెడునను భయమున్నందున, అచ్చట ఎలక్ట్రోడును శాశ్వతముగ నిలిపి ప్రేరణ నిచ్చెను. ఇదియే నేడు డీబీఎస్ అని వాడుకలో నున్న లోతైన మస్తిష్కప్రేరణము. సుమారు ఒకటింబాతిక మిల్లీమీటరు మందముగల తీగ, చర్మముక్రిందుగ మెడదాటి వచ్చి రొమ్ముపైభాగమున గడియారమంత బ్యాటరీపెట్టెతో కలియును. సామాన్యముగ క్షణమునకు 130 ప్రాంతపు స్పందనలు పంపబడును. వైద్యుడు వెలుపలినుండియే బలాబలములను మార్చవచ్చును. అమెరికా ప్రభుత్వ ఔషధనియంత్రణ సంస్థ దీనిని కంపమునకై 1997లోను, పార్కిన్‌సన్ వ్యాధికి 2002లోను అంగీకరించెను. పార్కిన్‌సన్ రోగులకు థలమస్‌కంటె దిగువనున్న సబ్‌థలమిక్ కేంద్రకము మేలైన లక్ష్యమని, అమెరికాలో మెహ్లాన్ డిలాంగ్ 1990లో కోతులపై చేసిన ప్రయోగములు దారిచూపెను. అచ్చటి ప్రేరణముచే వణుకే గాక బిగువును, మందగతియును తగ్గును. బెనాబిడ్, డిలాంగ్‌లకు 2014లో లాస్కర్ బహుమానము లభించెను.

గాయము మేలా, ప్రేరణము మేలా అను వాదమునకు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 2000లో 68 మంది కంపరోగులపై చేసిన పోలికను ప్రకటించిరి. వణుకును ఆపుటలో రెండును దాదాపు సమానములే. రోజువారీ పనులు చేసికొను శక్తియందును, దుష్ఫలితములు తక్కువగుటయందును ప్రేరణము మెరుగని తేలెను. అంతమాత్రమున గాయపద్ధతి అంతరింపలేదు, అంతరింపరాదు గూడ. ప్రేరణయంత్రమునకు అనేకలక్షల రూపాయలు వెచ్చింపవలెను; సాధారణపు బ్యాటరీ కొన్నియేండ్లకే అయిపోవును; తీగలకు అంటువ్యాధి సోకవచ్చును; సర్దుబాట్లకై నగరమునకు తిరుగుచుండవలెను. పల్లెటూరి రైతునకు ఒక్కమారు చేసి ముగించు చికిత్సయే ఒక్కొక్కయెడ ఉచితమని నా అభిప్రాయము. రెండింటియందును నూటికి ఒకరిద్దరికి మెదడులో రక్తస్రావము కలుగు ప్రమాదమున్నదని రోగికి ముందుగనే తెలుపుట ధర్మము.

ఒక్క పనియందే కొంకర్లుపోవు చేతుల కథ వేరు. వీరికి చిరకాలము మానసిక దౌర్బల్యమని ముద్రవేసి పంపుచుండిరి. బొటులినం విషమును అత్యల్పమాత్రగా ఆ కండరములలోనికి సూదివేయుట నేటి ప్రథమచికిత్స. అమెరికా పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ 1960 దశకమున కుడిచేతి వ్రేళ్లు ముడుచుకొనిపోగా, మూడుదశాబ్దులపాటు ముఖ్యముగ ఎడమచేతి రచనలతో గడిపి, ఈ సూదిమందుల సహాయముననే రెండుచేతుల వాదనమునకు మరల వచ్చెను. సూది చాలనివారికి టోక్యో మహిళా వైద్యవిశ్వవిద్యాలయమున తకఓమి తైరా వెంట్రో-ఓరల్ కేంద్రకమున స్వల్పగాయము చేయు పద్ధతిని పునరుద్ధరించి, వ్రాతకొంకర రోగులయందలి ఫలితములను 2003లో ప్రకటించెను. తరువాత ఆ బృందము వాద్యకారులకును దీనిని విస్తరించెను. చట్రము తలపై నుండగనే రోగి కలముతో వ్రాసియో, వాద్యము వాయించియో చూపవలెను; ఏలన ఆ పని చేయించినగాని జబ్బు బయటపడదు. 2017లో బెంగుళూరున ఒక యువకుడు శస్త్రశాల బల్లపై గిటారు మీటుచుండగా ఇట్టి చికిత్స జరిగిన వార్త పత్రికలలో వచ్చినప్పుడు పలువురు దానిని వింతగ చదివిరి గాని, అందు గిటారు లేనిచో వైద్యునకు దారి లేదు. ఒక్కొక్క వ్రేలు బిగువు వీడుచున్నప్పుడు శ్రుతి కుదురుటయే అచ్చట కొలమానము.

భారతదేశమునకు ఈ విద్య క్రొత్తది కాదు. 1949లో వెల్లూరున జాకబ్ చాందీ నాడీశస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పగా, కొలదికాలములోనే మదరాసు ప్రభుత్వ వైద్యశాలలో బి. రామమూర్తి ఆ శాఖను పెంపొందించెను. ఆయన సహచరులు వి. బాలసుబ్రహ్మణ్యము, భారతదేశపు తొలి మహిళా నాడీశస్త్రవైద్యురాలని ప్రసిద్ధి గాంచిన టి. ఎస్. కనక చట్రశస్త్రచికిత్సలో విశేషముగ కృషిచేసిరి. మదరాసు వైద్యశాల ఆకాలమున ఆంధ్రదేశపు దక్షిణజిల్లాల రోగులకును పెద్దదిక్కు. బెంగుళూరున ఆర్. ఎమ్. వర్మ చెంపక్రిందినుండి కపాలపు అడుగుననుండు సహజరంధ్రముగుండ సూదిని పంపి లోతుకేంద్రకములను చేరు పద్ధతిని రూపొందించెను. కపాలమునకు రంధ్రమే చేయనక్కరలేని ఆ యుక్తి, విలువైన పరికరములు కొనలేని దేశమునకు తగినది. నేడు హైదరాబాదు నిజామ్స్ వైద్యవిజ్ఞానసంస్థలో ప్రేరణచికిత్స చిరకాలముగ సాగుచున్నది.

ఎవరికి చేయవలెననుటకంటె ఎవరికి చేయరాదనుట ముందు తేల్చుకొనవలసిన విషయము. థైరాయిడ్ గ్రంథి అధికముగ పనిచేయుటవలనను, ఉబ్బసపు మందులు, లిథియం, మూర్ఛకు వాడు వాల్ప్రోయేట్ మొదలగువానివలనను చేతులు వణకవచ్చును. వీనికి మెదడును ముట్టుట మహాపరాధము. సహజకంపమునకు ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అను మందులు మొదట తగుమోతాదులో వాడి చూడవలెను. పార్కిన్‌సన్ వ్యాధిని పోలియుండి లెవోడోపాకు లొంగని ఇతరవ్యాధులు ప్రేరణమునకును లొంగవు. జ్ఞాపకశక్తి క్షీణించినవారికి చేయి కుదిరినను జీవితము కుదరదు.

ఇక కత్తియే లేని శస్త్రచికిత్సలు. లెక్సెల్ 1960 దశకాంతమున నిర్మించిన గామా కిరణయంత్రము అనేక కోబాల్టు కిరణములను ఒక్క బిందువున కేంద్రీకరించి థలమస్‌లో గాయము చేయగలదు. కాని ఫలితము కనబడుటకు వారములు, నెలలు పట్టును. రోగి గీసిన గీతను చూచి చేయి సవరించుకొను అవకాశము వైద్యునకు లేదు. శబ్దతరంగముల చికిత్సలో ఈ కొరత తీరినది. తల నున్నగ గొరిగించి, చర్మమునకును యంత్రపు శిరస్త్రాణమునకును నడుమ చల్లనినీరు నింపి, ఎమ్‌ఆర్‌ఐ యంత్రములో పరుండబెట్టి, వేయికి పైగా ధ్వన్యుత్పాదకములనుండి వచ్చు అతిధ్వనిని కపాలముగుండ విమ్‌పై కూర్తురు. ముందు స్వల్పముగ వేడిచేసి, వణుకు తగ్గినదో, తిమ్మిరి పుట్టినదో రోగినే అడిగి, పిమ్మట 55, 60 డిగ్రీలవరకు పెంచి గాయమును స్థిరపరతురు; కూపర్ శలాకతో చల్లార్చి పరీక్షించిన యుక్తి ఇచ్చట వేడిమి రూపమున తిరిగివచ్చినది.

ఈ పద్ధతిని 76 మంది సహజకంప రోగులపై పరీక్షించి 2016లో ఫలితములను ప్రకటించిరి. వీరిలో 20 మందికి యంత్రములో పరుండబెట్టుట మొదలు సమస్తమును జరిపించి, తరంగములను మాత్రము పంపలేదు. మూడునెలలకు నిజమైన చికిత్స పొందినవారి చేతికంపపు లెక్క 18.1నుండి 9.6నకు దిగెను, ఉత్తచికిత్స పొందినవారిలో 16.0నుండి 15.8 మాత్రమే. మనస్సు కుదుటపడుటవలననే వణుకు తగ్గినదనువారికి ఈ రెండవ లెక్కయే జవాబు. అయితే నడకలో తూలుడు, చేతిలో గాని ముఖమున గాని తిమ్మిరి మూడవవంతునకు మించిన రోగులయందు కనబడి, ఏడాదికి గూడ కొందరిలో మిగిలెను. అదే యేట అమెరికాలో ఈ చికిత్సకు ఒకప్రక్కకు మాత్రము అనుమతి లభించెను. బర్క్-వైట్ రెండవ శస్త్రచికిత్సతో మొదలైన జాగ్రత్త అప్పటికిని సడలలేదు. రెండవప్రక్కకును చేయవచ్చునను అనుమతి 2022లో వచ్చినది. అదియు మొదటిదానికిని రెండవదానికిని నడుమ తొమ్మిదినెలలైన గడువవలెనను నియమముతో.